ఎంపీ4 అని రాసుంటే చాలదు

నెల్లూరులో పెళ్లి జరిగిన కొన్నాళ్లకి ఫోటో స్టూడియో వాళ్లు ఒక పెన్‌డ్రైవ్ చేతిలో పెడతారు. ఓటీజీ తగిలించి చూస్తే అల్లుడి ఫోన్‌లో వీడియో చక్కగా వస్తుంది. మామగారి ఫోన్‌లో బొమ్మ కదులుతుంది గానీ సన్నాయి వినపడదు. మేనత్త ఫోన్‌లో మంత్రాలు వినపడతాయి, తెర మాత్రం నల్లగా ఉంటుంది. "ఏందబ్బా ఇది, ఫైలు చెడిపోయినట్టుందే" అని స్టూడియోకి ఫోన్ చేస్తే, "మా సిస్టంలో బాగానే ప్లే అవుతుందండీ, మీ ఫోన్‌లోనే ఏదో ఉంది" అంటారు. ఇద్దరూ పొరబడ్డట్టే. ఫైలు బాగుంది, ఫోన్లూ బాగున్నాయి. ఒకదాని భాష ఇంకొకదానికి రాదు, అంతే.

"వీడియో రావట్లేదు" అనే ఒక్క ఫిర్యాదు కింద నాలుగు వేర్వేరు సంగతులు దాక్కుని ఉంటాయి. ఫైలును ఏ రకం పెట్టెలో సర్దారు, లోపలి బొమ్మను ఏ పద్ధతిలో కుదించారు, శబ్దాన్ని ఏ పద్ధతిలో కుదించారు, వాటిని విప్పే సత్తా ఆ ఫోన్‌లోని చిప్‌కు ఉందా లేదా. నెట్‌లో చూసే వీడియో అయితే, దాన్ని ఏ దారిన పంపుతున్నారనేది ఐదోది. ఫైలు పేరు చివర కనపడే ఎంపీ4 అనే ముక్క వీటిలో మొదటిదాని గురించే చెబుతుంది. తక్కిన నాలుగింటి గురించి నోరు మెదపదు.

ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల దగ్గర పట్టుబడి రోజున చూడండి. ఐసు వేసి లారీకి ఎక్కించే ట్రేలన్నీ బయటికి ఒకేలా ఉంటాయి. లోపల ఉన్నది వెనామీనా టైగరా, 30 కౌంటా 100 కౌంటా (కిలోకు ఎన్ని తూగుతాయి) అన్నది మూత తీస్తేనే తెలుస్తుంది, బేరం నడిచేది దాన్నిబట్టే. ఎంపీ4, ఎంకేవీ, ఎంఓవీ, ఏవీఐ ఇవన్నీ ట్రేలు. సాంకేతిక భాషలో కంటైనర్ అంటారు. లోపలి రకాన్ని కోడెక్ అంటారు: హెచ్.264, హెచ్.265, వీపీ9, ఏవీ1 వగైరా. కౌంటు లాంటివి కూడా ఉన్నాయి, వాటికి ప్రొఫైల్, లెవెల్ అని పేర్లు. ఒకే హెచ్.264 రకంలోనే మామూలు ఫోన్ తేలిగ్గా మింగేవీ ఉన్నాయి, దాని గొంతు దిగనివీ ఉన్నాయి.

కాబట్టి ఫైలు పేరులో ఎంకేవీ చెరిపేసి ఎంపీ4 అని రాసుకున్నంత మాత్రాన ఏమీ మారదు. ప్లేయర్లు చాలావరకు పేరు చూడవు, ఫైలు మొదట్లో ఉండే గుర్తులు చూస్తాయి. అసలు మార్చాలంటే రెండు దారులున్నాయి, మన మొబైల్ షాపుల్లో రెండిటినీ కలిపి "కన్వర్ట్" అనేస్తారు. మొదటిది పెట్టె మాత్రమే మార్చడం, రీమక్స్. లోపలి బొమ్మను, శబ్దాన్ని ముట్టుకోకుండా ఎంకేవీలోంచి తీసి ఎంపీ4లో సర్దేస్తారు. రెండు గంటల సినిమాకైనా ఎక్కువసేపు పట్టదు, నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. రెండోది ట్రాన్స్‌కోడింగ్, అంటే బొమ్మనంతా విప్పి ఇంకో పద్ధతిలో మళ్లీ కుదించడం. దీనికి గంటలు పట్టొచ్చు, చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రెండూ చేస్తుంది. కంప్యూటర్ తెరవగానే కొత్త కన్వర్టర్ కొనమని అడిగే యాప్‌లలో చాలావాటి కడుపులో ఉండేది ఇదే, పైన రంగు బొత్తాలు తగిలించి అమ్ముతారు.

ఇంతకీ కుదించడం ఎందుకు? లెక్క వేస్తే తెలుస్తుంది. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. మొత్తం 20 లక్షల పైచిలుకు. చుక్కకు మూడు బైట్లు, సెకనుకు 30 బొమ్మలు అనుకుంటే ఒక్క సెకనుకే దాదాపు 186 ఎంబీ. గంటకు 670 జీబీ దాకా వస్తుంది. ముహూర్తం ముగిసేలోపు ఫోన్ నిండిపోతుంది. అందుకని కోడెక్ ఏం చేస్తుందంటే, కొన్ని బొమ్మలను మాత్రమే పూర్తిగా దాచుకుంటుంది. వాటిని కీఫ్రేమ్‌లు అంటారు. మధ్యలో వచ్చే బొమ్మలకు "ముందరి దాంతో పోలిస్తే ఏం కదిలింది" అన్నదే రాసుకుంటుంది. పందిరి కదలదు, అక్షింతలు వేసే చేతులే కదులుతాయి. ఆ చేతుల సమాచారం ఉంటే చాలు. వీడియోను వేలితో ముందుకు జరిపినప్పుడు మనం అనుకున్న చోట కాకుండా ఓ రెండు సెకన్లు అటో ఇటో ఆగడానికి, ఒక్కోసారి తెర మీద బూడిదరంగు గళ్లు పరుచుకోవడానికి కారణం ఇదే. కీఫ్రేమ్ అందకపోతే మిగతావాటికి ఆధారం ఉండదు.

ఈ కదలికను ఎంత తెలివిగా పసిగట్టి ఎంత తక్కువలో రాసిపెట్టాలన్నదే కోడెక్‌ల మధ్య పోటీ. మెమరీ కార్డులో పాటలు, సినిమాలు ఎక్కించే షాపులు ఊరూరా ఉన్న రోజుల్లో రాజ్యమేలింది 3జీపీ అనే పెట్టె. అందులో తరచుగా ఉండేది హెచ్.263 అనే పాత కోడెక్, బొమ్మ కొలత 176 బై 144. హీరో మొహం గళ్లు గళ్లుగా వచ్చినా చిన్న తెర మీద అదే వైభోగం. 2003లో హెచ్.264 వచ్చి ఆ లోకాన్ని మార్చింది. బ్లూరే డిస్క్ నుంచి యూట్యూబ్ దాకా, కెమెరా నుంచి వాట్సాప్ దాకా అంతటా అదే పాకింది. ఈ రోజుకీ "ఏ ఫోన్‌లోనైనా ఆడాలి" అంటే నిపుణులు చూపించేది దాన్నే. 2013లో దాని వారసుడు హెచ్.265 వచ్చింది, హెచ్‌ఈవీసీ అన్నా అదే. అదే నాణ్యతను దాదాపు సగం సైజులో ఇస్తుందని పేరు. ఐఫోన్ సెట్టింగులలో కంపెనీ రాసిపెట్టిన లెక్కే చూడండి: 1080పీలో నిమిషం వీడియోకు పాత పద్ధతిలో 130 ఎంబీ, కొత్తదాంట్లో 60 ఎంబీ. 2013లోనే గూగుల్ వీపీ9 తెచ్చింది, 2018లో ఏవీ1 వచ్చింది.

కుదింపు ఎంత తెలివైనదైతే విప్పడానికి అంత కష్టపడాలి. ఫోన్‌లో దీనికి రెండు మార్గాలున్నాయి. చిప్‌లోనే ఒక మూల ఫలానా కోడెక్‌ను విప్పడానికని ప్రత్యేకంగా చెక్కిన భాగం ఉంటుంది, అది హార్డ్‌వేర్ డీకోడింగ్. బ్యాటరీ తక్కువ తాగుతుంది, ఫోన్ వేడెక్కదు. కానీ అది ఫ్యాక్టరీలో పుట్టిన రోజునే ఖాయమైపోయింది, తర్వాత వచ్చిన కోడెక్‌ను ఏ అప్‌డేటూ ఆ చిప్‌కు నేర్పలేదు. రెండోది సాఫ్ట్‌వేర్ డీకోడింగ్. ఫోన్ ప్రాసెసర్ అన్ని పనులతో పాటు ఇదీ చేస్తుంది. చేస్తుంది గానీ ఆయాసపడుతుంది, బొమ్మ తడబడుతుంది, అరచేతికి వేడి తగులుతుంది. ఎంఎక్స్ ప్లేయర్ వాడేవాళ్లకి మూలన హెచ్‌డబ్ల్యూ, ఎస్‌డబ్ల్యూ అనే అక్షరాలు తెలిసే ఉంటాయి. అవి ఈ రెండు మార్గాలే. మేనత్త ఫోన్‌లో తెర నల్లగా ఉన్నప్పుడు ఎస్‌డబ్ల్యూ నొక్కితే బొమ్మ వచ్చే అవకాశం ఉంది. ఆండ్రాయిడ్ 5.0 నుంచి హెచ్‌ఈవీసీని, 10 నుంచి ఏవీ1ని విప్పే ఏర్పాటు వ్యవస్థలోనే ఉంది. కానీ వ్యవస్థకు తెలియడం వేరు, చిప్‌కు రావడం వేరు. ఆపిల్ కూడా 2023లో ఐఫోన్ 15 ప్రోతో గానీ ఏవీ1 హార్డ్‌వేర్‌ను ఐఫోన్‌లో పెట్టలేదు.

చిప్ దగ్గరే కథ ఆగితే దీన్ని సాంకేతిక సమస్య అనుకుని ఊరుకోవచ్చు. నా దృష్టిలో సగం కథ డబ్బుది. హెచ్.264, హెచ్.265 రెండిట్లోనూ బోలెడు కంపెనీల పేటెంట్లున్నాయి. హెచ్.264కి అప్పట్లో లైసెన్సు ఇచ్చిన ఎంపెగ్ ఎల్‌ఏ అనే సంస్థ, నెట్‌లో జనం ఉచితంగా చూసే వీడియోకు ఎప్పటికీ రుసుము అడగబోమని 2010లో ప్రకటించింది. అది అంతటా పాకడానికి ఈ మాట ఎంతో తోడ్పడింది. హెచ్.265కి వచ్చేసరికి పేటెంట్లున్న వాళ్లు ఒక గొడుగు కిందికి రాలేదు. ఎంపెగ్ ఎల్‌ఏ ఒకటి, హెచ్‌ఈవీసీ అడ్వాన్స్ ఒకటి, వేలోస్ మీడియా ఇంకొకటి, గొడుగు బయట ఉండిపోయినవాళ్లు మరికొందరు. ఎవరికి ఎంత కట్టాలో తేలక సాఫ్ట్‌వేర్ కంపెనీలు వెనకడుగు వేశాయి. విండోస్ కంప్యూటర్‌లో హెచ్‌ఈవీసీ వీడియో తెరిస్తే మైక్రోసాఫ్ట్ స్టోర్ 0.99 డాలర్లు కట్టమని అడగడం ఆ తగాదా ఫలితమే. క్రోమ్ బ్రౌజర్‌లోకి అది 2022లో గానీ రాలేదు, అదీ చిప్ తోడుంటేనే. విసిగిపోయిన గూగుల్, అమెజాన్, నెట్‌ఫ్లిక్స్, మైక్రోసాఫ్ట్, ఇంటెల్, సిస్కో, మొజిల్లా 2015లో ఒక కూటమి కట్టి రుసుము లేని కోడెక్ చేస్తామన్నాయి. ఏవీ1 దాని పంటే. యూట్యూబ్‌లో 4కే వీడియోలు వీపీ9లో ఉండటం, ఆపిల్ దాన్ని చాలాకాలం పట్టించుకోకపోవడం వల్ల, 2020లో ఐఓఎస్ 14 వచ్చేదాకా ఐఫోన్‌లో యూట్యూబ్ 4కే కనపడలేదు. లక్ష రూపాయల ఫోన్‌లో రానిది సాదా ఆండ్రాయిడ్‌లో వచ్చిందంటే కారణం ఇదే.

మామగారి సన్నాయి సంగతీ ఈ లైసెన్సుల పక్కనే ఉంది. శబ్దానికి వేరే కోడెక్‌లు ఉంటాయి. ఏఏసీ అయితే ఏ ఫోనైనా వినిపిస్తుంది. డాల్బీ వారి ఏసీ3, ఈఏసీ3, ఇంకా డీటీఎస్ లాంటివి లైసెన్సు కట్టినవాళ్లకే. ఎంఎక్స్ ప్లేయర్ ఒకప్పుడు వీటిని వినిపించేది, తర్వాత లైసెన్సు చిక్కులతో తీసేసింది. అప్పట్నుంచి "కస్టమ్ కోడెక్" అనే చిన్న ఫైలు కోసం జనం వెతుకులాట మొదలైంది. వీఎల్‌సీలో ఆ బాధ లేదు. 1996లో పారిస్ శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు మొదలుపెట్టిన పని అది, ఇప్పటికీ ఉచితం, కోడెక్‌లన్నీ తనతోనే మోసుకొస్తుంది. పెళ్లి వీడియోల్లో ఇంకో చిక్కు కూడా ఉంటుంది. స్టూడియోల దగ్గరుండే కొన్ని కెమెరాలు శబ్దాన్ని అసలు కుదించకుండా పీసీఎంగా ఎంపీ4లో పెడతాయి. ఎడిటింగ్ చేయని రా క్లిప్పులను నేరుగా కాపీ చేసి ఇస్తే కొన్ని ఫోన్లలో మూగబోయేది అందుకే. ఆ కెమెరాల్లోనే 10 బిట్, 4:2:2 అనే రంగుల పద్ధతి ఉంటుంది. పేరుకి హెచ్.264యే అయినా చాలా ఫోన్ చిప్‌లు దాన్ని విప్పలేవు. కౌంటు మారింది కదా.

అమెరికాలో ఉన్న మేనల్లుడు ఐఫోన్‌తో తీసిన వీడియో వాట్సాప్‌లో రెండు రకాలుగా వస్తుంది. మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని మళ్లీ కుదించి పంపుతుంది, మసకగా ఉన్నా అందరి ఫోన్లలో వస్తుంది. "క్లారిటీ పోతోంది, డాక్యుమెంటుగా పంపు" అని ఎవరైనా సలహా ఇస్తే, అసలు ఫైలు ఎంఓవీ పెట్టెలో హెచ్‌ఈవీసీగా ఉన్నదున్నట్టు దిగుతుంది. పాత ఆండ్రాయిడ్‌లో అక్కడితో ఆగిపోతుంది. ఐఫోన్ 7 నుంచి, 2017లో వచ్చిన ఐఓఎస్ 11 తర్వాత, ఇలా తీయడమే అలవాటు. కెమెరా సెట్టింగులలో ఫార్మాట్స్ కింద "మోస్ట్ కంపాటిబుల్" ఎంచుకుంటే హెచ్.264లోకి వస్తుంది. ఐఫోన్ 12 నుంచి ఇంకో మెలిక చేరింది, డాల్బీ విజన్ హెచ్‌డీఆర్, అంటే వెలుగునీడల తేడాను మరింత విస్తారంగా రాసుకునే పద్ధతి. ఆ వెలుగు లెక్కలు అర్థం కాని తెర మీద వెంకటగిరి చీర జరీ కూడా వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. వీడియో వచ్చింది కదా అని ఎవరూ దీన్ని సమస్య అనుకోరు, కెమెరాను తిట్టుకుంటారు.

నిజంగానే చెడిపోయే ఫైళ్లూ ఉన్నాయి. ఎంపీ4లో ఏ బొమ్మ ఎక్కడుందో చెప్పే పట్టిక ఒకటుంటుంది, దాని పేరు మూవ్. రికార్డింగ్ ఆపినప్పుడే ఫోన్ దాన్ని రాస్తుంది. మధ్యలో బ్యాటరీ అయిపోయి ఫోన్ ఆరిపోతే బొమ్మలన్నీ ఫైలులోనే ఉంటాయి, పట్టిక ఉండదు. 2 జీబీ ఫైలు ఉంటుంది, ఏ ప్లేయరూ తెరవదు. డిలీట్ చేయకండి. అదే ఫోన్‌తో అదే సెట్టింగులో తీసిన మంచి వీడియో ఒకటి చూపిస్తే, దాన్నిబట్టి పట్టికను మళ్లీ కట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. చాలాసార్లు బయటపడుతుంది. ఇక చెరువు గట్టు మీది సీసీ కెమెరా ఫుటేజీ ఫోన్‌లో తెరుచుకోకపోతే అది చాలావరకు కంపెనీ సొంత పెట్టెలో ఉన్నట్టు. డీవీఆర్ (ఆ కెమెరాల రికార్డింగు దాచే యంత్రం) నుంచి తీసేటప్పుడే ఎంపీ4 లేదా ఏవీఐ ఎంచుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు నెట్‌లో చూసే వీడియో. ఒకప్పుడు బ్రౌజర్‌లో వీడియో అంటే అడోబ్ వారి ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్. ఐఫోన్‌లోకి దాన్ని రానివ్వబోమని అప్పటి ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ 2010 ఏప్రిల్‌లో బహిరంగ లేఖ రాశాడు. మరుసటి ఏడాదే అడోబ్ మొబైల్ ఫ్లాష్‌ను ఆపేసింది, 2020 ఆఖరుకి మొత్తానికే మూసేసింది. దాని స్థానంలోకి వచ్చినవాటిలో ముఖ్యమైనది 2009లో ఆపిల్ తెచ్చిన హెచ్‌ఎల్ఎస్. దాని ఉపాయం తేలికైనది. వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోస్తారు. ఆపిల్ మొదట్లో 10 సెకన్లు అనేది, ఇప్పుడు 6 అంటోంది. ఒక్కో ముక్కనూ 240పీ, 480పీ, 720పీ, 1080పీ ఇలా పలు నాణ్యతల్లో సిద్ధంగా పెడతారు. ఏ ముక్క ఎక్కడ దొరుకుతుందో చెప్పే చిన్న జాబితా ఫైలు ఉంటుంది, ఎం3యు8. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి బస్సులో పోతూ చూస్తుంటే బొమ్మ కాసేపు స్పష్టంగా, కాసేపు మసకగా వస్తుంది. కిందటి ముక్క ఎంత వేగంగా దిగిందో కొలిచి, తర్వాతి ముక్క ఏ నాణ్యతలో అడగాలో నిర్ణయించేది సర్వర్ కాదు, మీ ఫోనే. డౌన్‌లోడర్ యాప్‌లో లింకు పెడితే 2 కేబీ ఫైలు దిగి వెక్కిరిస్తుంది చూడండి, అది ఆ జాబితా. సినిమా అందులో లేదు.

2012లో డ్యాష్ అనే అంతర్జాతీయ ప్రమాణం ఇదే ఉపాయంతో వచ్చింది. కానీ ఐఫోన్ బ్రౌజర్‌లో దాన్ని నడిపే సదుపాయం 2023లో ఐఓఎస్ 17.1 దాకా లేదు. అందువల్ల వీడియో కంపెనీలు ఒకే సినిమాను రెండు రకాల ముక్కలుగా దాచుకోవాల్సి వచ్చేది. 2016లో హెచ్‌ఎల్ఎస్ కూడా ఎంపీ4 ముక్కలను ఒప్పుకోవడంతో ముక్కలు ఒకటే, జాబితాలు రెండు అనే రాజీ కుదిరింది. మధ్యలో తాళాల సంగతి ఒకటుంది. ఓటీటీ యాప్‌లు ఆండ్రాయిడ్‌లో వైడ్‌వైన్ అనే రక్షణ వాడతాయి. మీ ఫోన్‌కు అందులో ఎల్1 అనే పై స్థాయి అనుమతి లేక ఎల్3 అనే కింది స్థాయిది మాత్రమే ఉంటే, తెర ఎంత గొప్పదైనా, ప్యాకేజీ ఎంత ఖరీదైనదైనా సాధారణంగా 480పీ దగ్గరే ఆపేస్తారు.

డేటా లెక్క కూడా చూసుకోవాలి. 1080పీ వీడియో సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున వస్తుంటే రోజుకు 1.5 జీబీ ప్యాకు 40 నిమిషాల్లో ఖాళీ. 1 మెగాబిట్ చొప్పున వచ్చే 480పీ అయితే అదే ప్యాకు మూడు గంటలు దాటి నడుస్తుంది. ఐదంగుళాల తెర మీద ఈ రెండిటికీ తేడా కనిపెట్టేవాళ్లు తక్కువ.

లైవ్‌లో ఈ వ్యవహారమంతా పరుగు మీద జరగాలి. ప్రకాశం జిల్లా తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడు పోటీలను ఇప్పుడు యూట్యూబ్‌లో లైవ్ పెడుతున్నారు, ఒంగోలు గిత్తల అభిమానులు ఊళ్లు దాటి, దేశాలు దాటి చూస్తున్నారు. మైదానంలో కెమెరా బొమ్మను కుదించి ఆర్‌టీఎంపీ అనే పాత దారిలో సర్వర్‌కు పంపుతుంది. ఆ దారి ఫ్లాష్ కాలం నాటిది, ఫ్లాష్ పోయినా అది మిగిలింది. సర్వర్ దాన్ని విప్పి పలు నాణ్యతల్లో మళ్లీ కుదించి ముక్కలు కోస్తుంది. చూసేవాడి ఫోన్ ఎందుకైనా మంచిదని రెండు మూడు ముక్కలు ముందే దాచుకుంటుంది. 6 సెకన్ల ముక్కలు మూడంటేనే 18 సెకన్లు. అందుకే నాలుగు పళ్ల విభాగంలో ఏ జత ఎంత దూరం లాగిందో గట్టు మీద నిలబడ్డ బావమరిది ఫోన్ చేసి చెప్పేసరికి, మీ తెర మీద ఎడ్లు ఇంకా మలుపు దగ్గరే ఉంటాయి. ముక్కలు చిన్నవి చేసి ఈ ఆలస్యాన్ని తగ్గించొచ్చు. యూట్యూబ్‌లో లో లేటెన్సీ, అల్ట్రా లో లేటెన్సీ అని ఎంపికలు ఉన్నది అందుకే. కానీ దాచుకున్నది తగ్గేకొద్దీ సిగ్నల్ కాస్త వణికినా తెర మీద చక్రం తిరుగుతుంది. రెండూ కావాలంటే కుదరదు.

ఇక్కడ ఎక్కువమంది గమనించని సంగతి ఒకటుంది. ముక్కల ఉపాయం కాపాడేది చూసేవాణ్ని, పంపేవాణ్ని కాదు. వేలమంది చేరిన మైదానంలో ఒకే టవర్ మీద అందరి ఫోన్లూ వేలాడుతుంటే కెమెరా వాడి అప్‌లోడ్ వేగం పడిపోతుంది. అప్పుడు చూసేవాడి ఇంట్లో ఎంత మంచి ఫైబర్ కనెక్షన్ ఉన్నా లాభం లేదు, సర్వర్ దగ్గరే ముక్కలు లేవు. అందుకని లైవ్ పెట్టేవాళ్లు 1080పీ మోజు పక్కన పెట్టి 720పీలో, 4 మెగాబిట్ల లోపు, హెచ్.264లో పంపడం మేలు. కీఫ్రేమ్ 2 సెకన్లకొకసారి వచ్చేలా పెట్టమని యూట్యూబ్ కూడా చెబుతుంది, ముక్కలు కోయడానికి అది వీలు. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు దగ్గర ఉంచుకుని, జనం చేరాక ఏది బాగా పంపుతోందో అప్‌లోడ్ వేగం కొలిచి చూసుకోవాలి. పొద్దున ఖాళీ మైదానంలో కొలిచిన వేగాన్ని నమ్ముకుంటే, పెద్ద జతలు దిగే సాయంత్రానికి అది పనికిరాదు.